ఇంట్లో గాలి ఎవరిది?

గాలి శుభ్రం చేసే యంత్రం గురించి మా ఇంట్లో మాట మొదలైంది అమ్మ ఆయాసం వల్ల. అమ్మకి అరవై ఎనిమిదేళ్ళు. సూర్యాపేట దగ్గర పల్లెలో బతుకంతా గడిపి, నాన్న పోయాక మా దగ్గరికి బాచుపల్లి వచ్చింది. చలికాలం రాగానే దగ్గు ముదిరింది. పరీక్షలయ్యాక డాక్టరు సీఓపీడీ అన్నాడు. "ఎన్నేళ్ళు పొగ తాగారమ్మా?" అనడిగాడు. "సుట్ట తాగింది మీ నాయిన. పొగ మింగింది నేను" అంది అమ్మ, ఆయనతో కాదు, నాతో. డాక్టరు "ధూమపానం లేదు" అని రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ పొయ్యి పొగకి ఆ కాగితంలో చోటు లేదు.

పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు, వానాకాలంలో ఆరని తుమ్మ మొద్దులు. ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు మండుతుంటే ఊదేది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో 'దీపం' పథకం వచ్చినప్పుడు డ్వాక్రా సంఘంలో ఉన్నందుకు అమ్మకీ గ్యాసు వచ్చింది. అయినా చాలాకాలం అది చాయ్‌కీ, చుట్టాలొస్తే వంటకీ మాత్రమే. మళ్ళీ సిలిండరు కొనాలంటే డబ్బు నాన్న చేతిలో ఉండేది. కట్టెలు ఏరుకొచ్చే శ్రమ అమ్మది కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాలేదు.

పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళ ఊపిరిలోకి ఎంత పొగ పోతుందో కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గుజరాత్ పల్లెల్లో కొలిచి 1983లో ప్రచురించారు. నగరాల గాలిని కొలిచే చోట కాకుండా వంట చేసే మనిషి దగ్గరే కొలవాలన్నది వాళ్ళు చేసిన పెద్ద పని. ఇళ్ళల్లోని ఈ పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సాహిత్య విద్యార్థిగా నేను వంటింటి గురించి చాలా చదివాను, రాశాను. విమల 'వంటిల్లు' కవిత మీద చర్చ జరిగిన ప్రతిచోటా వంటింటిని అణచివేతకి ప్రతీకగానే మాట్లాడుకున్నాం. అమ్మ ఎక్స్‌రే చూశాక పొగని ప్రతీకగా చదవడం నావల్ల కావడం లేదు. అది కణాల రూపంలో మా అమ్మ ఊపిరితిత్తుల్లో ఉంది.

సరే, యంత్రం కొనాలి. ఏది కొనాలి? ఢిల్లీలో ఉద్యోగం చేసే స్నేహితురాలు తను వాడుతున్నదే కొనమంది. ఢిల్లీ చలికాలానికి అది సరైనదే. అక్కడ ప్రధాన శత్రువు పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవైన కణాలు. వాటిని పట్టేది హెపా ఫిల్టరు. 0.3 మైక్రాన్ల కణాల్లో నూటికి 99.97 వంతులు ఆపగలగాలన్నది దాని ప్రమాణం. కానీ ఊరు మారితే గాలి మారుతుంది. విశాఖ పోర్టు పక్కన ఉండేవాళ్ళ ఇళ్ళల్లో కిటికీ మీద పేరుకునేది నల్లటి బొగ్గు ధూళి. అక్కడ ముందుండే జాలీ ఫిల్టరు తరచుగా కడగడానికి వీలుగా ఉండాలి, లేకపోతే ఖరీదైన హెపా త్వరగా మూసుకుపోతుంది.

మా బాచుపల్లి సంగతి వేరు. బొల్లారం పారిశ్రామికవాడ దగ్గర. కొన్ని రాత్రులు పదకొండు దాటాక ముక్కు మండే రసాయనాల వాసన వస్తుంది. ఆ సమయంలో ఫోనులో చూస్తే గాలి నాణ్యత 'సంతృప్తికరం' అని ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఫోను అబద్ధం చెప్పడం లేదు. 2015లో మొదలైన మన జాతీయ వాయు నాణ్యతా సూచీ ఎనిమిది కాలుష్యాలని లెక్కలోకి తీసుకుంటుంది. ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాల ఆవిర్లు ఆ ఎనిమిదిలో లేవు. పైగా పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా ఆ సూచీ 'సంతృప్తికరం' అనే అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన రోజు హద్దు 15. ఎవరి సంతృప్తి ఇది అని అడగకుండా ఉండలేం కదా!

ఆవిర్లని హెపా పట్టలేదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. దుకాణంలో చూపించిన చాలావాటిలో కార్బన్ అంటే నల్లరంగు పూసిన పల్చటి గుడ్డ. మా గాలికి కావలసింది గింజల రూపంలో కార్బన్ దట్టంగా నింపిన ఫిల్టరు. చేత్తో పట్టుకుంటే బరువు తెలియాలి. ఆ కార్బన్ కూడా నిండిపోతుంది. మార్చమని వెలిగే లైటు చాలా యంత్రాల్లో గంటలు మాత్రమే లెక్కపెడుతుంది, లోపల ఏం నిండిందో దానికి తెలియదు. వాసన మళ్ళీ తెలుస్తోందంటే మార్చాల్సిందే. అయానైజర్ ఉన్నవి వద్దనుకున్నాం. వాటిలో కొన్ని ఓజోన్ వదులుతాయి, ఆయాసం ఉన్నవాళ్ళకి అది అసలే పడదు.

ఇంతవరకూ నాకూ నా సహచరుడికీ పేచీ లేదు. ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. హాల్లో పెడితే అందరికీ పనికొస్తుందన్నాడు. లెక్క వేశాం. అమ్మ గది పన్నెండడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు. అంటే 1,440 ఘనపు అడుగులు, సుమారు 41 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకి అయిదుసార్లు శుభ్రమవ్వాలంటే యంత్రం గంటకి 200 ఘనపు మీటర్ల పైచిలుకు శుభ్రమైన గాలి ఇవ్వాలి. డబ్బా మీద సీఏడీఆర్ అని రాసి ఉండేది ఈ అంకెనే. అది కూడా పూర్తి వేగంలో. ఆ హోరుకి అమ్మకి నిద్రపట్టదు కాబట్టి కొంచెం పెద్దదే కొని మధ్య వేగంలో నడపాలి. హాలు దానికి రెట్టింపు, పైగా వంటింటికి తలుపు లేదు. 'అందరికీ' అని హాల్లో పెడితే ఎవరికీ చాలదు. యంత్రం అమ్మ గదిలోకే వెళ్ళింది.

అప్పుడే స్నేహితురాలి దగ్గర కణాలు కొలిచే చిన్న మీటరు అడిగి తెచ్చి ఇల్లంతా తిప్పాను. ఇంట్లో అన్నిటికన్నా చెడ్డ గాలి రోడ్డువైపు బాల్కనీలో లేదు. వంటింట్లో ఉంది. ఎండుమిర్చి పోపు పడగానే అంకె నాలుగైదు రెట్లు పెరిగింది. గ్యాసు పొయ్యికి పొగ కనిపించకపోవచ్చు, కానీ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్, కాగే నూనె నుంచి కణాలు వస్తూనే ఉంటాయి. వంటింట్లో ప్యూరిఫయర్ పెడితే నూనె జిడ్డుకి పాడవుతుంది. అక్కడ గాలి బయటికి పోవాలి. గొట్టం లేని చిమ్నీ అదే గాలిని వడకట్టి మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది.

గొట్టం కోసం గోడకి రంధ్రం కావాలని ఇంటి యజమానిని అడిగాం. వంటింటి గోడకి కన్నమేమిటని ఆయన ఒప్పుకోలేదు. అదే ఇంట్లో మూడు పడకగదుల గోడలకీ ఏసీ పైపుల కోసం ఆయనే పెట్టించిన మూడు రంధ్రాలున్నాయి. నిద్రపోయే మనిషి సుఖానికి గోడ తొలవచ్చు. నిలబడి వండే మనిషికి తొలవకూడదు. ఆయన దుర్మార్గుడేం కాదు, ఆ తేడా ఆయనకి కనిపించలేదు, అంతే. చివరికి కిటికీలో ఒక అద్దం పలక తీసి అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాం. పొయ్యి వెలిగించే ముందే వేసి, వంటయ్యాక ఇంకో పావుగంట ఉంచుతున్నాం. ప్యూరిఫయర్ ధరలో చాలా చిన్న భాగం అయింది. పోపు ఘాటుకి అమ్మకి దగ్గు తెర రావడం బాగా తగ్గింది.

ఇక జాలీ ఫిల్టరు. వారం వారం దులిపి కడగాలని పుస్తకంలో రాసి ఉంది. ఎవరు కడగాలో రాసి లేదు. ఇంట్లోకి వచ్చే ప్రతి యంత్రం వెంట ఒక చాకిరీ వస్తుంది, అది అడగకుండానే ఆడవాళ్ళ చేతికి వెళుతుంది. ఆదివారం ఆ పని నా సహచరుడిదని మొదటిరోజే తేల్చుకున్నాం. ముక్కుకి గుడ్డ కట్టుకుని, బాల్కనీలో.

మా ఇంటికి పనికొచ్చే ఆమె ఒకరోజు అమ్మ గది ఊడుస్తూ ఆ యంత్రం ఏంచేస్తుందని అడిగింది. చెప్పాను. తలుపులు మూస్తేనే పనిచేస్తుందని కూడా చెప్పాను. ఆమెది రేకుల కప్పు ఉన్న ఒకటే గది. గోడకీ రేకుకీ మధ్య జానెడు సందు. వంట, పడక, పిల్లల చదువు అన్నీ అక్కడే, రాత్రి దోమల చక్రం కూడా అక్కడే. ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నటి కణాల బరువు 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. చక్రం బదులు దోమతెర కట్టుకోమన్నాను. కట్టడానికి చోటు చూడాలంది. బొల్లారం వాసన ఆమె గదిలోకి మా కంటే ముందు వస్తుంది.

"ఈ డబ్బ మా ఇంట్ల పెడితే ఏ తలుపు మూస్తం అక్కా?" అంది, చీపురు గోడకి ఆనిస్తూ.

ఏ యంత్రం కొనాలో చెప్పే లెక్కలు నా దగ్గర ఇప్పుడు చాలానే ఉన్నాయి. గది కొలతలు, గంటకి ఎన్నిసార్లు, కార్బన్ ఎంత బరువు. అవన్నీ తలుపున్న గదికి వేసిన లెక్కలు. ఆమె ప్రశ్నకి జవాబు దుకాణంలో దొరకదు. ఫ్యాక్టరీ గొట్టం దగ్గర, సిలిండరు ధర దగ్గర, సూచీలో తొమ్మిదోదిగా దేన్ని చేర్చాలని మనం అడుగుతామో అక్కడ వెతకాలి.