కొంగరకలాన్ నుంచి బూర్గుల దాకా

కొంగరకలాన్ కలెక్టరేట్ మెట్ల మీద ఓ పెద్దాయన ప్లాస్టిక్ కవరు విప్పి కాగితం చూపించాడు. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించారు. 38ఈ సర్టిఫికెట్. "మా నాయిన పీటీ సారూ. కౌలుకు దున్నిండు. గీ కాయితంతోనే భూమి మాదైంది" అన్నాడు. విరాసత్ పని మీద వచ్చాడట.

పీటీ అంటే రక్షిత కౌలుదారు. ఆ మాటే నన్ను అప్పటికప్పుడు బూర్గుల ఊరికి బయల్దేరదీసింది. ఆ కాగితానికి ఆధారమైన హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ చూసిన బూర్గుల రామకృష్ణారావు, 1952లో ముఖ్యమంత్రి అయ్యాక 1954లో దాన్ని సవరించారు. ఈ జిల్లాకు కె.వి. రంగారెడ్డి పేరుంది. నా లెక్కలో మాత్రం ఈ మెట్ల మీద కూర్చున్న రైతుకు ఎక్కువ అక్కరకొచ్చింది బూర్గులే.

ఔటర్ ఎక్కి, శంషాబాద్ దగ్గర దిగి షాద్‌నగర్ దారి పట్టాను. అటూ ఇటూ ప్లాట్ల హద్దురాళ్లు, మధ్యమధ్య పత్తి చేలు. మనసు మాత్రం కేరళలో ఉంది. 1956 నవంబరులో హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయింది. అదే నెలలో బూర్గుల కేరళ తొలి గవర్నరుగా వెళ్లారు. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. వారం తిరక్కముందే కౌలుదార్లను భూమి నుంచి వెళ్లగొట్టకుండా ఆర్డినెన్సు వచ్చింది. గవర్నరుగా దాన్ని జారీ చేసింది ఆయనే. ఆ సంతకానికి ఆయన చెయ్యి వెనకాడి ఉండదని నా నమ్మకం.

రెండేళ్లకు అదే ప్రభుత్వం భూసంబంధాల బిల్లు నెగ్గించుకుంది. దాని విద్యా చట్టం మీద అప్పటికే రగులుతున్న వీధి పోరాటం ఆగలేదు. 1959 జూలై 31న ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. ఢిల్లీకి నివేదిక పంపిన గవర్నరూ బూర్గులే. కౌలుదారు బాధ అంత తెలిసిన మనిషి చేతిమీదుగా ఆ కాగితం వెళ్లడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బూర్గుల వాళ్ల అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఊరి పేరే ఇంటిపేరై నిలిచింది. ఆ ఊరి పొలిమేరలో కారు ఆపి గట్టు మీదికి నడిచాను. చేలో వంగి కలుపు తీస్తున్న ఆమె తలెత్తి చూసింది.

"ఎవరింటికొచ్చిన్రు సారూ?"

"ఎవరింటికీ కాదమ్మా, ఊరు చూద్దామని."

"అయితే గట్టు మీదికెళ్లే పోండ్రి. మా చేన్ల ఇప్పుడే నీళ్లు పెట్టినం."