నాగనరుల లోకానికి కొన్ని నోట్సు

20 అక్టోబర్ 2024, ఆదివారం, కాప్రా

మేనకోడలు బొమ్మల కథ ఒకటి మొదలుపెట్టింది. సగం మనిషి, సగం డ్రాగన్ అయిన జాతి గురించి. బొమ్మలు బాగున్నాయి: ఆకుపచ్చ పొలుసులు, గబ్బిలం రెక్కలు, నోట్లో మంట. రాజు పేరు, కత్తి పేరు కూడా సిద్ధం. "లోకం మాత్రం నువ్వే కట్టియ్యాలి మామయ్యా" అంది. వీళ్లు ఏం తింటారు, ఎవరికి పిల్లనిస్తారు, ఎవరంటే భయం అని అడిగితే జవాబు లేదు. రెక్కలున్నవాళ్ల కోటకు మెట్లెందుకని అడిగాను. నవ్వి మెట్లు చెరిపేసింది.

మనకు ఈ జాతి కొత్తది కాదు. నాగులు ఉన్నారు. నడుం దాకా మనిషి, కింద పాము. లేదా నిండు మనిషే, తల వెనక పడగ. లేదా ఒట్టి పాము. భారతంలో వీళ్లు అవసరాన్నిబట్టి రూపం మారుస్తారు. ఏ అవసరానికి ఏ రూపమో ముందే తేల్చుకోకపోతే, హీరో ఇరుక్కున్నప్పుడల్లా రచయిత కొత్త రూపం ఇచ్చి బయటపడేస్తాడు. పాఠకుడికి అది మోసమని తెలిసిపోతుంది.

22 అక్టోబర్, మంగళవారం

రూపాల చిక్కు అమరావతి శిల్పులకు రెండువేల ఏళ్ల కిందటే వచ్చింది. వాళ్ల పరిష్కారం చూస్తే ముచ్చటేసింది. నాగరాజు బుద్ధుడికి దండం పెడుతున్నప్పుడు మనిషి శరీరం, తల వెనక పడగల గుంపు. పక్కన రాణికి సాధారణంగా ఒకటే పడగ. అదే జాతి స్తూపానికి కాపలా ఉన్నప్పుడు నిలువెల్లా పాము, స్తూపాన్ని చుట్టుకుని ఉంటుంది. రామగ్రామం కథ అమరావతి రాళ్ల మీద ఉంది. బుద్ధుడి ధాతువులు దాచిన ఎనిమిది తొలి స్తూపాల్లో ఏడింటిని అశోకుడు తెరిపించాడట. రామగ్రామంలో మాత్రం నాగులు తెరవనివ్వలేదు.

మేనకోడలికి మొదటి నియమం రాసి పంపాను: సభలో మనిషి, కాపలాలో పాము. హోదా పడగల లెక్కలో కనిపించాలి, కిరీటం అక్కర్లేదు.

సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి ఉంది. కొండ పడగలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అక్కడి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి. ఆ ప్రదర్శన పేరులోనే చెట్టూ పామూ ఉన్నాయి. మన పిల్లలేమో నాగుల కోసం ఇంగ్లిష్ సీరియళ్లలో వెతుకుతున్నారు.

27 అక్టోబర్, ఆదివారం

మేనకోడలిని బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లాను. కోటాసారస్ అస్థిపంజరం కింద నిలబడి చాలాసేపు బొమ్మలు గీసుకుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు ఎముకలు ఇవి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టి లోకానికి చెప్పాడు. అంత ఒళ్లున్న జంతువు ఆకులు మేసి బతికింది. భయపెట్టేదంతా మాంసం తిననక్కర్లేదు.

అక్కడే ఆమెకు కాళ్లు లెక్కపెట్టి చూపించాను. వెన్నెముక ఉన్న జంతువుల్లో కాళ్లూ చేతులూ కలిపి నాలుగుకు మించి దేనికీ లేవు. పక్షి రెక్కలు, గబ్బిలం రెక్కలు కూడా చేతులే. ఆమె గీసిన రాజుకు రెండు చేతులు, రెండు కాళ్లు, రెండు రెక్కలు. మొత్తం ఆరు. రెక్కలు తీసెయ్యమన్నాను. "అట్లయితే ఎగరడమెట్ల?" అంది. ఎగరకూడదు. రెక్కలు గరుడుడివి. భాగవతంలో నాగులు ప్రాణభయంతో అతడికి నెలనెలా బలి కట్టారు. అది ఎగ్గొట్టి, ఎదురుతిరిగి, దెబ్బతిని పారిపోయి యమున మడుగులో దాక్కున్నవాడే కాళీయుడు. శత్రువు ఆయుధాన్ని వీళ్లకే ఇచ్చేస్తే ఇంక భయమెక్కడిది, కథెక్కడిది?

రాత్రి రాసుకున్నవి:

పాముకు కనురెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కాబట్టి నాగనరుడు నిద్రపోతున్నాడో చూస్తున్నాడో బయటివాడికి తెలియదు. వాళ్ల ఊళ్లో ఎవరినైనా పలకరించే ముందు నేలమీద మెల్లగా తట్టడం మర్యాద.

బయటి చెవులుండవు, నేల అదురు పట్టేస్తుంది. వీళ్ల సంగీతం పాదాలతో వినేది.

కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగులోకి మారి చూపు మందగిస్తుంది. ఆ రోజుల్లో సాక్ష్యం చెల్లదు, సంతకం చెల్లదు.

ఒంటి వెచ్చదనం ఎండ నుంచే రావాలి. చలికాలం తెల్లవారుజామున యుద్ధం పెట్టకూడదు. సేనాపతి కూడా రాతిమీద ఎండ కాగాల్సిందే.

పాముల్లో గుడ్లకు గూడు కట్టేది రాచనాగు ఒక్కటే. మన తూర్పు కనుమల్లోనూ ఉంది. ఆడది ఎండుటాకులు పోగుచేసి గూడు కట్టి కాపలా ఉంటుంది. రాణివాసం ఎలా ఉండాలో ఇక్కణ్నుంచి తీసుకోవచ్చు.

31 అక్టోబర్, దీపావళి

వీధంతా టపాసులు. మేనకోడలు ఫోన్ చేసింది: "రెక్కలు తీసేసిన. నిప్పన్నా ఉంచు మామయ్యా!"

నిప్పు అసలు ఉంచకూడదు. ఈ జాతి చరిత్ర నిండా వీళ్లను కాల్చిన మంటలే. ఖాండవ దహనంలో తక్షకుడి భార్య కొడుకును కాపాడబోయి అర్జునుడి బాణానికి చచ్చిపోయింది. అర్జునుడి మనవడు పరీక్షిత్తును తక్షకుడు కాటేశాడు. శృంగి శాపం ఉంది నిజమే, పాత పగ కూడా ఉంది. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం పెట్టాడు. ఇంకా వెనక్కి పోతే అందరికంటే ముందు శపించింది కన్నతల్లి కద్రువ. పందెంలో మోసానికి సాయపడమంటే ఒప్పుకోని కొడుకులను, మంటల్లో పడి చావండని తిట్టింది. ఇంత కాలిన జాతి నోట్లో మంట పెట్టడం అన్యాయం. వీళ్ల ఆయుధం విషం, వీళ్ల ఇల్లు నీళ్లు.

5 నవంబర్, నాగుల చవితి

పొద్దున్నే పుట్ట దగ్గర పసుపు, కుంకుమ, చలిమిడి, పాలు. పాము పాలు తాగేది కాదని అందరికీ తెలుసు, అయినా పోస్తారు. పండుగ కోసం పాముల్ని పట్టి, కోరలు పీకి, ఎండబెట్టి పాల ముందు పెట్టడం మాత్రం పూజ అనిపించుకోదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

పుట్ట కట్టేది చెదలు, అందులో దిగేది పాము. నాగలోకానికి ఇది పెద్ద ప్రశ్న. నాగుల భోగవతీ నగరం మణులతో మెరుస్తుందని అందరూ చెబుతారు. రాళ్లు మోసింది ఎవరు? మేనకోడలి కథలో ఇక కట్టే కులం ఒకటి, కాపురముండే కులం ఒకటి ఉంటాయి. మొదటివాళ్లు ఏదో ఒకరోజు అద్దె అడుగుతారు.

సాయంత్రం కాప్రా చెరువు వైపు నడిచాను. నీటికి కాపలావాళ్లని నాగుల్ని నమ్మిన ఊళ్లలో గుర్రపుడెక్క, మురుగు చూస్తుంటే ఈ కాలపు నాగరాజుకు పని చాలా ఉందనిపించింది. కథలో ఒక అధ్యాయం ఇక్కడ పెట్టమన్నాను.

9 నవంబర్, శనివారం

ఆదిపర్వం ముందేసుకుని చుట్టరికాలు గీశాను. గీసేకొద్దీ మనిషికీ నాగుకీ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియలేదు.

జనమేజయుడి సర్పయాగాన్ని ఆపిన ఆస్తీకుడి తల్లి వాసుకి చెల్లెలు, తండ్రి మనిషి, ఒక ముని. వాసుకి తన జాతిని బతికించుకోవడానికే చెల్లెలిని ఆ మునికిచ్చాడు. జనమేజయుడు కోరి తెచ్చుకున్న పురోహితుడు సోమశ్రవసుడు, శ్రుతశ్రవసుడనే మునికి ఆడపాము కడుపున పుట్టినవాడు. అర్జునుడు ఉలూచిని పెళ్లాడాడు, ఇరావంతుడు పుట్టాడు.

అన్నిటికన్నా గట్టి ముడి వేరే ఉంది. దుర్యోధనుడు విషం పెట్టి నీళ్లలో తోసినప్పుడు భీముడు నాగలోకానికి చేరాడు. వ్యాసభారతంలో ఆర్యకుడనే నాగు అతన్ని గుర్తుపట్టి కౌగిలించుకుంటాడు, తన దౌహిత్రుడికి దౌహిత్రుడని. అంటే కుంతి తండ్రికి తల్లివైపు తాత ఒక నాగు. కుంతి కొడుకు అర్జునుడు, అతడి మునిమనవడు జనమేజయుడు. నాగుల్ని కాల్చడానికి కూర్చున్న రాజు ఒంట్లోనూ నాగుల రక్తం ఉంది.

తర్వాతి రాజులకు ఇది దాచుకోవాల్సిన సంగతి కాలేదు. పదకొండో శతాబ్దంలో బస్తర్‌ను ఏలిన ఛిందక నాగులు తమది నాగవంశమని, తాము భోగవతీ పురాధీశులమని శాసనాల్లోనే రాయించుకున్నారు.

11 నవంబర్, సోమవారం

మేనకోడలికి పంపిన చివరి చీటీ, ఇక్కడా రాసిపెడుతున్నాను.

పొలుసులు, కోరలు, పడగలు ఏ బొమ్మలోనైనా గీయొచ్చు, వాటితో జాతి పుట్టదు. ఎవరికి పిల్లనిచ్చారు, ఎవరి పగ ఎవరి మనవడి మీద పడింది, ఎవరికి పన్ను కట్టి బతికారు, వాళ్ల ఇల్లు ఎవరు కట్టారు, ఈ నాలుగూ తేలితే అప్పుడు జాతి పుడుతుంది. నీ కథలో యుద్ధానికి బయల్దేరే రాజు ముందు తన ముత్తవ్వ ఎవరో తెలుసుకోవాలి. తెలిశాక కూడా అతడు యుద్ధం చేస్తాడా, మానేస్తాడా అన్నదే నీ కథ. అది నువ్వే తేల్చు. వంశవృక్షం మొదటి పేజీలో వెయ్యి, రాజు బొమ్మ రెండో పేజీలో.