పూత మీద తోట, అద్దె మీద విమానం

2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా ఎగరడం మొదలుపెట్టినప్పుడు మా నూజివీడు వైపు కలిగిన సంబరం చిన్నది కాదు. విజయవాడ కేంద్రంగా లింగమనేని వారి ఎల్ఈపీఎల్ గ్రూపు పెట్టిన సంస్థ అది. గన్నవరం విమానాశ్రయం మాకు దగ్గర. మన ఊళ్ల పేర్లు తెలిసిన విమానం వచ్చిందనుకున్నాం. 2017 ఫిబ్రవరి ఆఖరున ఆగింది, మళ్లీ లేవలేదు.

విమాన సంస్థ మూతపడితే ఇంధనం ధర పెరిగిందని అనడం అలవాటు. కోస్టా విషయంలో అది నిలవదు. అది మొదలైన నెలలో ముడిచమురు పీపా వంద డాలర్ల పైన ఉంది, ఆగిన నెలలో యాభై అయిదు దగ్గర. ఇంధనం చవకగా దొరికిన కాలంలోనే ఆ సంస్థ పోయింది. దాని మెడకు చుట్టుకుంది అద్దె. విమానాలు దాని సొంతం కావు. 2016 ఆగస్టులో ఒకసారి అద్దె గొడవతోనే సర్వీసులు నిలిచాయి. అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్టు డబ్బు రూపాయల్లో వస్తుంది. డాలరు ఆ మూడేళ్లలో 61 రూపాయల నుంచి 67 దాకా వెళ్లింది. పైగా అవి చిన్న ఎంబ్రాయర్ విమానాలు. అప్పట్లో పోటీలో ఉన్న ఇండిగో వాళ్ల ఎయిర్‌బస్‌లో 180 సీట్లు. పైలట్లు రెండింటికీ ఇద్దరే కావాలి, కానీ టికెట్టు ధర నిర్ణయించేది పెద్ద విమానం వాడు. నడిపినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండగానే, 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్ షోలో 50 కొత్త విమానాలకు ఆర్డరు ఇచ్చారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

మా దగ్గర పూత చూసి మామిడి తోట కౌలుకు తీసుకునే వ్యాపారి పరిస్థితీ ఇదే. తేనెమంచు పురుగు వచ్చినా, ఏప్రిల్లో ఈదురుగాలికి చిన్నరసాలు రాలిపోయినా తోటగలాయనకు ఒప్పుకున్న డబ్బు కట్టాల్సిందే. పండిన కాయ నాలుగు రోజుల్లో అమ్ముడుపోవాలి. సీటుకు ఆ నాలుగు రోజులు కూడా లేవు, విమానం లేచిన క్షణంలో ఖాళీ సీటు విలువ సున్నా.

పక్క తోటలు మూడు కలిపి కౌలుకు ఇస్తామని ఒక ఏడు నాకు బేరం వచ్చింది. బ్యాంకు అప్పు ఇస్తానంది. పూత బ్రహ్మాండంగా ఉంది. నేను మాత్రం కాపు దెబ్బతిన్న ఏడాది ఆదాయం కాగితం మీద రాసి, ఆ డబ్బుతో ఎంత కౌలు కట్టగలనో అంత మేరకే, ఒక్క తోట తీసుకున్నాను. మా ఆవిడ "పూత ఇంత బాగుంటే ఎందుకండీ భయం?" అంది. పూత బాగున్నప్పుడే అద్దె ఒప్పుకునే చెయ్యి ముందుకు పోతుందని చెప్పాను.

షేర్ల విషయంలోనూ ఇదే లెక్క. జెట్ ఎయిర్‌వేస్ 2005లో ఒక్కో షేరు 1,100 రూపాయలకు జనానికి అమ్మింది. 2019 ఏప్రిల్ 17న విమానాలు ఆపేసింది. ఆ తరువాత కూడా కొన్నేళ్లు ఆ షేరు మార్కెట్లో చేతులు మారుతూనే వచ్చింది, చవక కదా కొనమని నాకు చెప్పినవాళ్లున్నారు. నేను కొనలేదు. దివాలా చట్టం ప్రకారం ఆస్తులమ్మిన డబ్బు ముందు ఆ ప్రక్రియ ఖర్చుకు, ఆపైన తాకట్టున్న బ్యాంకులకు, కార్మికులకు, మిగతా అప్పిచ్చినవాళ్లకు, ప్రభుత్వానికి పోతుంది. మామూలు వాటాదారుడు వరుసలో ఆఖరున నిలబడతాడు. అక్కడిదాకా రూపాయి రావడం అరుదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు జెట్ ఆస్తులు అమ్మి మూసేయమని ఆదేశించింది.

ఇప్పుడు మా మేనల్లుడు ఇండిగో షేరు కొనమంటావా మామయ్యా అని అడుగుతున్నాడు. మంచి సంస్థే. అయినా డాలర్లలో కట్టాల్సిన అద్దె ఎంత, చేతిలో నగదు ఎంత, వార్షిక నివేదికలో చూసి, రెండు అంకెలూ రాసుకుని రమ్మన్నాను.