పెంబర్తి రేకు

మా అత్తగారి ఇత్తడి తమలపాకుల పెట్టెను నేను కొన్నేండ్ల క్రిందట పాతసామానుల వానికి తూకమున కిచ్చివేసితిని. మూత సడలినది, తోమి తోమి చేతులు నొచ్చుచున్నవి. ఇదియే నాటి నా లెక్క. అట్టి పెట్టెను మరల చేయించుకొనవలెనను కోరికతో మొన్న పెంబర్తికి పోయితిని.

హైదరాబాదునుండి ఓరుగల్లునకు పోవు పెద్దబాటలో, జనగామకు కొంచెము ముందుగా ఈ యూరు కలదు. 2016 నుండి ఇది జనగామ జిల్లాలోనిది. ఇచ్చటి విశ్వకర్మలు కాకతీయుల కాలమునుండియు దేవాలయములకు, రథములకు లోహపు తొడుగులు చేసిరని చెప్పుదురు. 1323లో ఆ రాజ్య మంతరించెను. పిదప నైజాము కాలమున అత్తరుదానులు, తమలపాకుల పెట్టెలు చేసి పేరొందిరి. నేటికిని ధ్వజస్తంభముల తొడుగులు, దేవతల కవచములు, గోడకు తగిలించు ఫలకములు చేయుచున్నారు.

నేను పోయిన యింట వసారాయే కార్ఖానా. వృద్ధు డొకరు ఇత్తడి రేకును కొయ్యదిమ్మెపై నుంచి, కొయ్యసుత్తితో అంచుల వెంబడి మెల్లగా తట్టుచుండిరి. ఒక్కచోట గట్టిగా కొట్టినచో సొట్ట పడును. సన్నని దెబ్బలు వరుసగా పడినగాని ఒంపు తిరుగదు. కొంతసేపటికి చప్పుడు మారెను. ఆయన సుత్తిని దించిరి.

"ఏల ఆపితిరి తాతా?" అంటిని.

"కొట్టినకొద్దీ రేకు మొండికేస్తదమ్మా. ఇంక కొడితే పగులుతది. మళ్ల నిప్పుల పెట్టాలె."

రేకును కొలిమిలో మసక యెఱుపు వచ్చువఱకు కాచి చల్లార్చిరి. అంతవఱకు బిగిసియున్న రేకు మరల మెత్తనై చేతికి లొంగెను. రాగి, తుత్తునాగముల కలయికయైన ఇత్తడికి ఇది స్వభావము: దెబ్బలకు బిగియును, వేడికి సడలును. ఒక్క మూత చేయుటకే ఈ కాపు పలుమార్లు కావలెను.

ఒంపు కుదిరిన రేకును రాళ, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన ముద్దపై నంటింతురు. క్రింద ఆదరువుండుటచే ఉలిదెబ్బకు రేకు చిరుగక దిగును. వెనుకనుండి కొట్టగా పువ్వు ఉబ్బును. ముందునుండి చెక్కగా దాని రేకలు తేలును. తుదకు వేడిచేసి ముద్దను వదలించి, అతుకులు వేసి, మెఱుగు పెట్టుదురు.

వెల వినగానే అలవాటుచొప్పున, "ఇత్తడి కిలో యెంత తాతా?" అని యడిగితిని.

ఆయన నవ్విరి. "ఇత్తడి ధర ఇత్తడికే తల్లీ. ఇన్ని దినాల పనిని తక్కెడల ఎట్ల పెడుత? గిట్ల అడుగుతరనే మా మనుమడు ఈ పనికి రానన్నడు."

నాకు మాట రాలేదు. ప్రొద్దుగూకులు చేసిన యింటిచాకిరికి లెక్క లేదని నొచ్చుకొనుదాననే, ఇంకొకరి చాకిరిని తూకమున కడిగితిని! అత్తగారి పెట్టెను అమ్మిననాడు తూచినది ఇత్తడినే గాని, ఏ చేతులో దినములకొలది చేసిన పనిని గాదు. బేరమాడక బయానా యిచ్చి వచ్చితిని.

సోదరీమణులారా! అటకపైనున్న పాత యిత్తడిని అమ్మబోవు మునుపు ఒక్కసారి బోరగిలించి చూడుడు. సుత్తిదెబ్బల జాడలు కనబడినచో, సొట్ట తీయించి, అతుకు వేయించి, యింటనే యుంచుకొనుడు. పోయిన పిదప అట్టిది చేయించుకొనవచ్చును గాని, అదియే మరల రాదు.