ఆడమ్ గీశాడు, చిప్పెండేల్ చేయించాడు

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మనవాళ్లు ముందు టిప్పూ సుల్తాన్ పులిబొమ్మను వెతుక్కుంటారు. నేను మాత్రం నేరుగా బ్రిటిష్ గ్యాలరీలకు వెళ్లాను, ఒక కుర్చీ కోసం.

ఒళ్లంతా బంగారు పూత, ఎర్రని డమాస్క్ పట్టు, ముందు పట్టీ మీద స్ఫింక్స్ బొమ్మలు. సైన్యానికి సరుకులు అందించి కోటీశ్వరుడైన సర్ లారెన్స్ డండాస్ 1765లో చేయించుకున్న చేతులున్న ఎనిమిది కుర్చీల్లో ఇదొకటి. నమూనా గీసింది ఇటలీ శిథిలాల్లో ఏళ్లు గడిపి వచ్చిన వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్, చేసిచ్చింది థామస్ చిప్పెండేల్ ఫర్నిచర్ దుకాణం. ఆడమ్ తన బొమ్మకు 5 పౌండ్లు పుచ్చుకున్నాడు. చిప్పెండేల్ కుర్చీకి 20 పౌండ్ల చొప్పున బిల్లు వేశాడు, పట్టుబట్ట డండాస్‌దే అయినా! ఎన్నో భవనాల్లో ఇద్దరూ పనిచేశారు కానీ, ఆడమ్ గీస్తే చిప్పెండేల్ చేసినట్టు తెలిసిన సామాను ఈ ఒక్క సెట్టే.

చిప్పెండేల్ చేశాడంటే ఆయనే ఉలి పట్టాడని కాదు. 1755లో సెయింట్ మార్టిన్స్ లేన్‌లోని ఆయన కార్ఖానా తగలబడితే 22 మంది పనివాళ్ల పనిముట్ల పెట్టెలు బూడిదయ్యాయి. హెపుల్‌వైట్ అనే మరో వడ్రంగి సంగతి ఇంకా విచిత్రం. డాలు ఆకారపు వీపున్న కుర్చీకి ఆయన పేరే పెట్టారు; ఆయన చేశాడని రుజువున్న కుర్చీ ఒక్కటీ లేదు. ఆ పేరు నిలబెట్టిన నమూనాల పుస్తకం కూడా ఆయన పోయాక, 1788లో, భార్య ఆలిస్ అచ్చువేయించినదే. మరో నమూనాకారుడు షెరటన్‌దీ, కుర్చీల విషయంలో, ఇంచుమించు అదే కథ.

ఇదే కాలంలో మన విశాఖపట్నం వడ్రంగులు ఇంగ్లీషు నమూనాలకు ఏనుగు దంతం తాపడం చేసి, చెక్కిన గీతల్లో నల్ల లక్క నింపేవారు. మద్రాసు మాజీ గవర్నర్ అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న విశాఖ దంతపు కుర్చీలను 1781లో మూడో జార్జి రాజు తన రాణి కోసం కొన్నాడు.

మళ్లీ ఆడమ్ సంగతికి వస్తే, మ్యూజియం దగ్గరి సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో పికడిల్లీ లైన్ రైలు ఎక్కితే రైలు మారకుండా ఆస్టర్లీలో దిగొచ్చు. అక్కడి భవనం ఒకప్పుడు చైల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబానిది. 1761 నుంచి ఆడమ్ దాన్ని తిరగదోడాడు. భోజనాల గదిలో నడిమధ్య బల్ల ఉండదు. తినేవేళకు నౌకర్లు మడత బల్లలు తెచ్చి వేసేవారట, ఆ తర్వాత తీసేసేవారట. గ్రీకుల లైర్ వాద్యం ఆకారంలో వీపున్న కుర్చీలు మాత్రం గోడ వెంట వరసగా నిలబడి ఉంటాయి. అవి జాన్ లినెల్ అనే వడ్రంగి పనితనమంటారు. గ్రంథాలయంలోని చేతుల కుర్చీలదీ అదే ఆకారం, పనితనం మరింత ఖరీదైనది.

చివర్లో ఎట్రుస్కన్ గది. పాత మట్టిపాత్రల మీది బొమ్మల్లాంటివే గోడలకూ, కుర్చీలకూ రంగుల్లో వేయించాడు ఆడమ్. ఆ కుర్చీలను ఇంకో గదిలో వేస్తే అతకవు. ఆ రోజుల్లోనే దాన్ని చూసిన రచయిత హొరేస్ వాల్‌పోల్‌కు ఆ గది బొత్తిగా నచ్చలేదు. నాకు నచ్చింది.