రత్నగిరిమీద రెండు దేశముల పెండ్లి

విశాఖపట్టణమునుండి విజయవాడకు పోవు రైలుదారిలో, తుని దాటిన కొంతసేపటికి అన్నవరము స్టేషను వచ్చును. రత్నగిరియు, దాని చెంత పంపానదియు చూపఱకు కన్నులపండువు చేయును. మేరువునకు భద్రుడు, రత్నాకరుడు నని యిరువురు కుమారులుండిరనియు, భద్రుడు భద్రాచలమైనట్లే రత్నాకరుడీ గిరియయ్యెననియు స్థలపురాణము. 1891వ సంవత్సరమున సత్యనారాయణస్వామి యిచ్చట వెలసెనని చెప్పుదురు. ఆలయము రథాకారము, నాలుగు మూలలను చక్రములు గలవు. సోదరీమణులలో ననేకులు ఇచ్చట వ్రతము చేసికొనియే యుందురు గనుక వర్ణన పెంచను.

గత మాఘమాసమున నేనచ్చటికి వ్రతమునకు గాక, మా యక్కగారి కుమార్తె పెండ్లి నడపుటకు బోయితిని. పిల్ల కలకత్తాలో నుద్యోగము చేయుచున్నది. వరుడు వంగదేశీయుడు. ఉభయుల పెద్దలును సమ్మతించిరి.

ఈ కాలమున పెండ్లిండ్లను గుత్తకు పుచ్చుకొని సమస్తము నమర్చువారు నగరములందు గలరు. మా యక్క అట్టి వారి నొకరిని విచారించెను. వారు పూలకును దీపములకును లెక్క చెప్పిరి గాని, ఎవరి యాచారము ముందు జరుగవలెనని యడిగిన బదులు చెప్పలేకపోయిరి. “నాలుగు గ్రంథములు చదివినదానవు, నీవే చూడవే చెల్లీ” యని అక్క ఆ భారము నాపై నుంచెను.

నేనొక నోటుపుస్తకము తీసి, ఎడమప్రక్క మన పద్ధతియు, కుడిప్రక్క వారి పద్ధతియు వ్రాసికొంటిని. వ్రాసినకొలదిని భయము తగ్గెను. మనలో మేనమామ వధువును బుట్టలో కూర్చుండబెట్టి తెచ్చును. వారిలో సోదరులు పీటపై నెత్తుకొని వరునిచుట్టు ఏడు మారులు త్రిప్పుదురు. మనకు వధూవరుల నడుమ తెరసెల్ల యుండును. వారి వధువు రెండు తమలపాకులతో మోము కప్పుకొని, శుభదృష్టి సమయమున వానిని తొలగించును. వారి వరుడు జీలుగుబెండుతో చేసిన తెల్లని కిరీటమును ధరించును. మనకు బాసికము గలదు. మధుపర్కము తెల్లచీర యనగనే వరుని మేనత్త మోము చిన్నబోయెను. దాని యెఱ్ఱని యంచు చూపగా నవ్విరి. ఎఱ్ఱయంచు తెల్లచీర వారి ముత్తైదువలు దుర్గాపూజకు కట్టునదియే యట! మంగళసూత్రధారణమైన పిమ్మట వరుడు పాపటను సిందూరము దిద్దుటకును, వధువు చేతులకు శంఖపు గాజులు తొడుగుటకును పురోహితు లిరువురు నొప్పుకొనిరి.

చేప మాత్రము కొంత చిక్కు తెచ్చెను. వరునికి పూసిన పసుపులో మిగిలినదానిని, పెండ్లికూతురివలె నలంకరించిన పెద్ద చేపతోగూడ వధువు నింటికి పంపుట వారి వేడుక. ఈ కొండపై నది తగదు గదా! వారే యుపాయము చెప్పిరి. చేప యాకారమున అచ్చుపోసిన సందేశ్ మిఠాయిని, చిన్న ముక్కుపుడకతో సహా, కలకత్తానుండి తెచ్చిరి. మా పిల్లలు దానిని తినుటకు మనసొప్పక చాలసేపు చూచుచు నిలిచిరి.

అన్నిటికంటె కష్టమైనది వేఱొకటి గలదు. కుమారుని పెండ్లి తల్లి కంట చూడరాదని వారి యాచారము. చూచిన బిడ్డకు కీడని నమ్మిక. కుమార్తె పెండ్లికిని అంతియే యట. ఆ మాట విని మా యక్క బావురుమనెను. తల్లి నీరు పోయక తండ్రి వరుని పాదములు కడుగు టెట్లు? తుదకు, ఎవరింటి యాచారము వారిదే యని తీర్మానమయ్యెను. అక్క పీటలమీద కూర్చుండుటయు, వరుని తల్లి సత్రమున నుండుటయు నిశ్చయించి, నేను పుస్తకములో నొక గీత గీసి చిక్కు తీరినదనుకొంటిని.

ముహూర్తము రాత్రివేళ. నేను మఱచిన గంధపు గిన్నెకై సత్రమునకు పరుగెత్తితిని. గది తలుపు ఓరగా నుండెను. లోపల వియ్యపురాలు ఒంటరిగా, సన్నాయి వినవచ్చు దిక్కునకు చెవియొగ్గి కూర్చుండియుండిరి. నా కాళ్లు కదలలేదు. వారి దేశమున వివాహము వధువు నింట జరుగును; వరుని తల్లి తన యింట చుట్టపక్కముల నడుమ, కోడలి రాకకై యేర్పాట్లు చేసికొనుచు నుండును. ఆ యాచార మామెను చూడవలదన్నదే గాని ఒంటరిగ నుండుమనలేదు. పరభాషాప్రాంతమున, కొండమీది గదిలో నామెను ఒంటరిని జేసినది నా నోటుపుస్తకము.

గిన్నెను పిల్లవానిచేత పంపి, “వదినగారూ” యని ప్రక్కన కూర్చుంటిని. నా హిందీ వచ్చీరానిది. ఉభయులకు తెలిసిన సంస్కృతపదములే దిక్కైనవి. అంతలో గట్టిమేళము మ్రోగినది. వెంటనే శంఖము, వారి స్త్రీల యులూధ్వని. జీలకఱ్ఱ బెల్లము నా వ్రేళ్లతో నా తలపై నుంచుకొని చూపి, చేతులు జోడించితిని. ఆమె గ్రహించి కన్నులు తుడుచుకొనిరి.

ఏమిచ్చుటకును తోచక, చెంగున ముడిచిన ప్రసాదపు ఆకుపొట్లమును విప్పితిని. అన్నవరపు ప్రసాదము గోధుమనూక, బెల్లము, నేయి గలిపి వండునది. ఆమె నోటనుంచుకొని, “శిన్ని!” యనిరి. వంగదేశమున సత్యనారాయణపూజకు గోధుమపిండి, పాలు, అరటిపండ్లు గలిపి చేయు నైవేద్యమునకు ఆ పేరు. ఆ స్వామినే అచ్చటి ముస్లిములు సత్యపీరని కొలిచిరట. ప్రసాదము విడిచి మగని జూడ పరుగెత్తిన కళావతి పేరు నేనెత్తగా ఆమెకు నవ్వు వచ్చెను. మేమిరువురము పెండ్లికొడుకును చూడక ప్రసాదము తినుచుంటిమి గదా!

నెలదినములు శ్రమించి నడపిన పెండ్లిలో సుముహూర్తము నేను చూడలేదు. అక్క ఇప్పటికిని దెప్పుచుండును. నా నోటుపుస్తకమున మాత్రమొక వరుస చేర్చితిని: “పీటలకు దూరముగా నుండవలసినవారి చెంత ఎవరు కూర్చుందురు?” మీ యిండ్లలో ఇట్టి సంబంధము కుదిరినపుడు, పూలలెక్కకు ముందు దీనిని వ్రాసికొనుడు.

మఱునాడు వియ్యపురాలు దీపముతో కోడలికి ఎదురువచ్చి, మోము తనివిదీర చూచుకొనిరి. ప్రయాణమగుచు, కలకత్తాలో కోడలు వడ్డించు విందునకై నన్ను ప్రసాదపు పొట్లములు అడిగిరి. ఒక బుట్టెడు కట్టించి రైలులో పెట్టితిని.