బీదర్‌లో ఒక మదర్సా, ఒక దొంగ ఉత్తరం

సెలవులు దగ్గర పడుతున్నాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న తలెత్తుతుంది. పిల్లలను ఈసారి ఎక్కడికి తీసుకువెళ్ళాలి? నీటి ఆటల పార్కులు, పెద్ద పెద్ద దుకాణ సముదాయాలు ఎప్పుడూ పిలుస్తూనే ఉంటాయి. అక్కడికి వెళ్ళడం తప్పని నేననను. కానీ సాయంత్రం ఇంటికి తిరిగి వచ్చాక పిల్లల చేతిలో ఖాళీ అయిన చిరుతిండి పొట్లాలు తప్ప మనసులో ఏమీ మిగలకపోతే, ఆ ప్రయాణం కేవలం ఖర్చుగానే మిగిలిపోతుంది. భూమిపై సంచరించి, మునుపటి జాతుల పర్యవసానం ఏమయిందో చూడమని దివ్యఖుర్ఆన్ పదే పదే పురికొల్పుతుంది. ఆ దృష్టితో బయలుదేరితే ఒక్క రోజు ప్రయాణం కూడా ఒక పాఠశాల అవుతుంది.

గత సంక్రాంతి సెలవుల్లో మేము బీదర్ వెళ్ళాము. మాది సంగారెడ్డి జిల్లా. తొమ్మిదవ తరగతి చదివే మా అమ్మాయి, అయిదవ తరగతి చదివే అబ్బాయి, వారి అమ్మీ, దాదీ, నేను, మొత్తం అయిదుగురం. హైదరాబాదు నుండి బీదర్‌కు రోడ్డు మార్గాన సుమారు 140 కిలోమీటర్లు. సంగారెడ్డి, జహీరాబాద్ దాటితే కర్ణాటక సరిహద్దు వస్తుంది. సికింద్రాబాదు నుండి వికారాబాద్ మీదుగా రైలు సౌకర్యమూ ఉన్నది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే. అందుకే అక్కడి బజారులో ఉర్దూ, కన్నడ, మరాఠీలతోపాటు తెలుగు కూడా వినిపిస్తుంది. పరాయి ఊరికి వెళ్ళినట్లు అనిపించదు.

బహమనీ సుల్తాను అహ్మద్ షా 15వ శతాబ్దపు తొలి భాగంలో తన రాజధానిని గుల్బర్గా నుండి ఇక్కడికి మార్చాడు. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైగా ఎత్తున్న పీఠభూమి ఇది. గాలి చల్లన, నేల ఎర్రన. ఆ ఎర్రదనం లాటరైట్ అనే రాతిది. చిన్న చిన్న రంధ్రాలతో పుట్టతేనె పట్టులా ఉండే ఈ రాయే బీదర్ కథకు మూలం. ఆ రాతిని అర్థం చేసుకుంటే మిగిలిన ఊరంతా అర్థమవుతుంది. కనుక మేము మొదట చూసినది కోటను కాదు, నౌబాద్‌లోని కరేజును.

కరేజు అంటే భూగర్భ జలమార్గం. వర్షపు నీరు లాటరైటు రంధ్రాల గుండా కిందికి ఇంకుతుంది. దాని అడుగున నీటిని సులభంగా ఇంకనివ్వని నల్లరాయి ఉంటుంది. ఆ రెంటి నడుమ నీరు చేరి నిలుస్తుంది. ఆ నీటి మట్టాన్ని కనిపెట్టి, కొద్దిపాటి వాలుతో పొడవైన సొరంగం తవ్వితే నీరు తనంతట తానే ఊరివైపు ప్రవహించి వస్తుంది. ఎద్దులు తిప్పనక్కరలేదు, యంత్రం తోడనక్కరలేదు. ఈ విద్య ఇరాన్ ప్రాంతం నుండి బహమనీల కాలంలో ఇక్కడికి వచ్చింది. నౌబాద్ కరేజు పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దారి పొడవునా ఇరవైకి పైగా నిలువు బావులున్నాయి. తవ్విన మట్టిని పైకి చేదడానికి, లోపలికి గాలి వెలుతురు అందడానికి, తరువాతి రోజుల్లో పూడిక తీయడానికి అవే ఆధారం.

"అబ్బా, కరెంటు లేకుండా నీళ్ళు ఎలా నడిచాయి?" అని మా అబ్బాయి అడిగాడు. వాడి నీళ్ళ సీసాను కొంచెం వంచి చూపించాను. నేల వాలు ఎంత స్వల్పంగా ఉంటే నీరు అంత నెమ్మదిగా, సొరంగాన్ని కోసివేయకుండా ప్రవహిస్తుందని చెప్పాను. పాఠ్యపుస్తకంలోని గురుత్వాకర్షణ వాడికి ఆ రోజు మొదటిసారి కంటికి కనిపించింది. ఊరిలోని గురుద్వారా నానక్ ఝీరా సాహెబ్ వద్ద పారే ఊట కూడా ఈ ఎర్రరాతి అంచునుండి వచ్చేదే. గురునానక్ ఇక్కడికి వచ్చారన్న సంప్రదాయాన్ని సిక్కు సోదరులు భక్తితో స్మరిస్తారు. అక్కడ బాటసారులందరికీ అన్నం పెడతారు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కరేజు బావుల దగ్గర పిల్లల చేయి వదలరాదు. స్థానికుల తోడు, అనుమతి లేకుండా సొరంగంలోకి దిగరాదు.

అక్కడి నుండి కోటకు వెళ్ళాము. ఇక్కడ కూడా రాతి పాఠమే కొనసాగుతుంది. కోట చుట్టూ ఉన్న కందకాన్ని ఆ ఎర్రరాతినే తొలిచి చేశారు. ఒకవైపున అది ఒకదాని పక్కన ఒకటిగా మూడు వరుసల్లో కనిపిస్తుంది. నడుమ వదిలిన రాతి గోడలు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. లోపల పదహారు స్తంభాల మస్జిద్ ఉన్నది. దాని నిరాడంబరత మనసుకు హత్తుకుంటుంది. దానికి భిన్నంగా రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగిన పనితనం కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది. రష్యా దేశపు వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470 ప్రాంతంలో ఈ నగరంలో ఉన్నాడు. ప్రభువర్గం వైభవాన్నీ, పల్లె ప్రజల పేదరికాన్నీ పక్కపక్కనే తన యాత్రా రచనలో నమోదు చేశాడు. మహళ్ళు చూపించేటప్పుడు ఆ రెండవ సంగతి కూడా పిల్లలకు చెప్పడం మన బాధ్యత.

కోట మట్టికి మరో ప్రత్యేకత ఉన్నది. బజారులోని బిద్రీ కార్ఖానాలో ఒక వృద్ధ కళాకారుడు దానిని మాకు చూపించారు. పదహారు వంతుల జింకుకు ఒక వంతు రాగి కలిపి పాత్రను పోత పోస్తారు. దానిపై ఉలితో లతలు, పూలు చెక్కి, ఆ గాడిలో వెండి తీగను పొదుగుతారు. చివరగా కోటలో ఎండా వానా సోకని చోటినుండి తెచ్చిన మట్టిని నవసాగరంతో కలిపి రుద్దుతారు. జింకు లోహం నిగనిగలాడే నలుపుగా మారుతుంది. వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. ఆ వృద్ధుడు చిటికెడు మట్టిని నాలుకపై వేసుకుని రుచి చూశారు. "ఏది పనికొచ్చే మట్టో చేతికంటే ముందు నాలుకకే తెలుస్తుంది" అన్నారు నవ్వుతూ. ఈ కళకు 2006లో భౌగోళిక గుర్తింపు లభించింది. మా అమ్మాయి తన రసాయన శాస్త్రపు నోటు పుస్తకంలో ఆ పాళ్ళన్నీ రాసుకున్నది.

అస్ర్ వేళకు మహమూద్ గవాన్ మదర్సాకు చేరుకున్నాము. బీదర్ చూసేవారు దీనిని చివరికి ఉంచుకోవాలని నా సలహా. ఎండ తగ్గిన తరువాత ఆ ప్రాంగణంలో తీరికగా కూర్చోవచ్చు.

మూడంతస్తుల భవనం. నడుమ విశాలమైన ప్రాంగణం, చుట్టూ విద్యార్థుల గదులు, ఉపన్యాస మందిరాలు, మస్జిద్, గ్రంథాలయం. మూడు వేల గ్రంథాలు ఉండేవని ప్రసిద్ధి. దూరదేశాల నుండి పండితులు వచ్చి ఇక్కడ బోధించారు. ముఖద్వారానికి ఇరువైపులా రెండు ఎత్తైన మీనార్లు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే ఉన్నది. దాని ఒంటిమీద ఆకుపచ్చ, నీలం, పసుపు, తెలుపు రంగుల పింగాణీ పలకలు అక్కడక్కడ మెరుస్తుంటాయి. ఖుర్ఆన్ వాక్యాల అందమైన లిపి కొంత మిగిలి ఉన్నది. 1657లో బీదర్ మొఘలుల వశమైన తరువాత ఇక్కడి గదులలో మందుగుండు నిల్వ చేశారు. 1696లో అది పేలి ఒక మీనారు, ముందు భాగంలో చాలా మేరకు కూలిపోయింది. పుస్తకాలుండిన చోట మందుగుండు పెడితే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉపన్యాసం అవసరం లేదు.

ఈ మదర్సా నిర్మాణ సంవత్సరాన్ని తెలిపే ఒక చమత్కారం ఉన్నది. కఅబా గోడలు లేపుతూ ఇబ్రాహీం (అలైహిస్సలాం), ఇస్మాయీల్ (అలైహిస్సలాం) తమ సేవను స్వీకరించమని అల్లాహ్‌ను వేడుకున్న దుఆ మనందరికీ తెలిసినదే. ఆ దుఆలోని మొదటి మూడు పదాలను అబ్జద్ పద్ధతిలో లెక్కిస్తే హిజ్రీ సంవత్సరం వస్తుందని ఆనాటి కవి గుర్తించాడు. మా అమ్మ మెట్లమీద కూర్చుని మనుమరాలికి అక్షరాల విలువలు చెప్పింది. అలిఫ్‌కు 1, బేకు 2, లామ్‌కు 30, మీమ్‌కు 40, నూన్‌కు 50, ఖాఫ్‌కు 100, రేకు 200, తేకు 400. అమ్మాయి కాగితంపై కూడింది. మొదటి పదానికి 253, రెండవదానికి 532, మూడవదానికి 91. మొత్తం 876. అంటే క్రీస్తుశకం 1471-72. లెక్క సరిపోగానే దాదీ మనుమరాళ్ళిద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. "కట్టినవాడు తన పేరు చెక్కించుకోవచ్చు గదా దాదీ, దుఆ ఎందుకు ఎంచుకున్నాడు?" అని అడిగింది మా అమ్మాయి. "పేరు ఎవరో ఒకరు చెరిపేస్తారు బేటీ" అన్నది మా అమ్మ.

అప్పుడు పిల్లలకు ఆయన కథ చెప్పాను. మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం వాడు. వర్తకునిగా బీదర్‌కు వచ్చి, తన విద్యతో, నిజాయితీతో ప్రధానమంత్రి స్థాయికి ఎదిగాడు. నాలుగు పెద్ద రాష్ట్రాలను ఎనిమిదిగా విభజించి, ప్రాంతీయ అధికారుల పెత్తనానికి పగ్గం వేశాడు. అది కొందరికి కంటగింపు అయింది. వారు ఆయన ముద్ర భద్రపరిచే సేవకుణ్ణి మత్తులో ముంచి, ఖాళీ కాగితంపై ముద్ర వేయించుకున్నారు. దానిపై ఒడిశా రాజును దండెత్తి రమ్మని పిలుస్తున్నట్లు ఉత్తరం రాశారు. అప్పుడు సుల్తాను మూడవ ముహమ్మద్ షా దండయాత్రలో మన ఆంధ్ర ప్రాంతంలోనే, కొండపల్లి దగ్గర విడిది చేసి ఉన్నాడు. ఉత్తరం ఆయన చేతికి అందింది. వృద్ధుడైన మంత్రిని పిలిపించి చూపించాడు. ముద్ర తనదేనని, రాత మాత్రం తనకు తెలియదని గవాన్ బదులిచ్చాడు. విచారణ జరగలేదు. 1481 ఏప్రిల్ 5న ఆయనను చంపించాడు. తరువాత ఆయన సొంత ఖజానా తెరిపిస్తే అందులో ఉన్నది స్వల్పమే. నిజం తెలిసిన సుల్తాను పశ్చాత్తాపంతో కుమిలి, మరుసటి సంవత్సరమే మరణించాడు. ఆ పిమ్మట బహమనీ రాజ్యం అయిదు ముక్కలయింది. వాటిలో ఒకటి మన గోల్కొండ.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ ఉత్తరం ఎవరు తెచ్చారు, ఎక్కడిది అని ఒక్కరైనా ఎందుకు అడగలేదు అబ్బా?" అన్నది. మళ్ళీ కొంచెం ఆగి, "మన చాచా విషయంలో కూడా ఎవరూ అడగలేదు కదా" అన్నది.

ఆ మాటకు నా వద్ద జవాబు లేదు. దానికి రెండు నెలల ముందు మా మొహల్లాలోని కిరాణా దుకాణపు వృద్ధుడు కల్తీ నూనె అమ్ముతున్నాడని నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. కింద ఒక చిత్రం కూడా ఉన్నది. ప్రజలను హెచ్చరించడం పుణ్యకార్యమనుకుని నేను దానిని మరో రెండు గ్రూపులకు పంపాను. పది రోజుల తరువాత ఆ చిత్రం మరెక్కడో, మరెవరి దుకాణంలోనో తీసినదని తేలింది. ఈలోగా చాచా దుకాణం ముందు జనం పలచబడ్డారు. నేను క్షమాపణ అడగడానికి వెళ్ళలేదు. ఆ వీధిన నడవడమే మానుకున్నాను. పిల్లలు గమనించలేదనుకున్నాను.

ఏదైనా వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోండని, లేకపోతే తెలియక ఒకరికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడతారని సూరా అల్ హుజురాత్ మనకు బోధిస్తుంది. ఆ సూరాను నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయిదు వందల సంవత్సరాల నాటి ఆ కాగితానికీ నా ఫోనులోని సందేశానికీ తేడా ఏమిటి? ముద్ర నిజమైనదే అయినా రాత అబద్ధం. చిత్రం నిజమైనదే అయినా మాట అబద్ధం. కొండపల్లిలో సుల్తాను చేసిన తప్పును నేను నా ఇంటి అరుగుమీద కూర్చునే చేశాను. మగ్రిబ్ నమాజు ఆ ఊరిలోనే చేసి, తిరుగు ప్రయాణం కట్టాము. దారిలో నేను పెద్దగా మాట్లాడలేదు.

మరునాడు ఉదయం పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని చాచా దుకాణానికి వెళ్ళాను. జరిగినది దాచకుండా చెప్పి, క్షమించమని అడిగాను. ఆయన కందిపప్పు తూచడం ఆపలేదు. పొట్లం కట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తి చూశారు. "క్షమించాను బేటా. అయితే నాతో ఇక్కడ చెప్పిన ఈ మాట, ఆ గ్రూపులో కూడా రాస్తావా?" అని అడిగారు.

అక్కడే నిలబడి రాశాను. మా అమ్మాయి పక్కన నిలబడి, అక్షర దోషాలు లేవని చూసి, పంపమన్నది.